ఒక్క ఎంటర్... ఎంత పని చేసింది!

ఫీజు కట్టినవాళ్లకే 'కట్టలేదు' అంటూ మెసేజ్‌లు వెళ్లాయి. జాబితా చూస్తే సరిగ్గానే ఉంది. ప్రోగ్రాము చూస్తే అదీ బాగానే ఉంది. మరి తప్పెక్కడ జరిగింది? కంటికి కనిపించని ఓ గుర్తు దగ్గర! దాన్ని పట్టిచ్చింది ఏ కంప్యూటర్ నిపుణుడో కాదు... జీవితమంతా టైపు నేర్పిన ఓ పెద్దాయన.

శనివారం ఉదయం ఏడు గంటలు. కూకట్‌పల్లిలో రెండు గదుల అద్దె ఇల్లు. వంటింట్లో అమ్మ ఉప్మాకు తాలింపు వేస్తోంది. నిద్రమొహంతో ఫోనెత్తిన ఆ అమ్మాయికి అవతల మేనేజరు గొంతు వినగానే మత్తు దిగిపోయింది.

"రాత్రి ఏం చేశావమ్మా? స్కూలువాళ్లు గోల పెడుతున్నారు. ఫీజు కట్టినవాళ్లందరికీ కట్టలేదని మెసేజ్‌లు వెళ్లిపోయాయట!"

ఆమె ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. స్కూళ్లకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ అది. ఫీజుల లెక్క చూసే ప్రోగ్రామును ఎప్పుడో ఎవరో సి భాషలో రాసి వెళ్లిపోయారు. అది చేసే పని చాలా చిన్నది. రోజూ సాయంత్రం స్కూలు ఆఫీసు నుంచి ఒక జాబితా వస్తుంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో లైను. పేరు, తరగతి, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, చివర్లో 'పెయిడ్' అన్న మాట. ఆ మాట ఉంటే ఊరుకుంటుంది. లేకపోతే 'మీ పిల్లల ఫీజు బకాయి ఉంది' అని మెసేజ్ పంపుతుంది. ఏళ్ల తరబడి ఒక్క తప్పూ చేయలేదు.

ఆ వారమే కంపెనీ తన సర్వరును విండోస్ నుంచి లినక్స్‌కు మార్చింది. మార్చే పని ఈ అమ్మాయికే అప్పగించారు. అన్నీ రెండేసిసార్లు చూసుకుంది. శుక్రవారం రాత్రి కొత్త సర్వరు మీద మొదటిసారి ప్రోగ్రాము నడిచింది. తెల్లారేసరికి ఈ ఫోను!

గేటు దగ్గర ఓ తండ్రి

ఆమెను ఎక్కువ బాధపెట్టింది మేనేజరు కోపం కాదు. స్కూలు గుమాస్తా ఫోన్లో చెప్పిన మాట. ఆటో నడుపుకొనే ఓ తండ్రి పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చాడట. చొక్కా జేబులో రసీదు ఉంది. "బండి ఫైనాన్సు కిస్తీ ఆపి మరీ కట్టానండీ. డబ్బు తీసుకుంది మీరే కదా!" అంటున్నాడట. నిజమే, తీసుకున్నది ఆ గుమాస్తానే. కానీ సోమవారం నుంచి పరీక్షలు. బకాయి ఉన్నవాళ్లకు హాల్‌టికెట్టు ఇవ్వొద్దని పైనుంచి ఆర్డరు. కంప్యూటరేమో బకాయి ఉందంటోంది. చుట్టూ మిగతా తల్లిదండ్రులు చూస్తుండగా ఆ మనిషి రసీదు అటూ ఇటూ తిప్పి చూపిస్తూ నిలబడ్డాడు.

అబద్ధమాడింది ఆయన కాదు. ఆయన్ని అబద్ధాలకోరులా నిలబెట్టింది తను మార్చిన సర్వరు. ఆ ఆలోచన రాగానే ఆమెకు ఉప్మా గొంతు దిగలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

అక్కడ పనిచేసింది... ఇక్కడెందుకు చేయదు?

ముందుగా స్కూలు పంపిన జాబితా తెరిచింది. పెయిడ్, పెయిడ్, పెయిడ్... అన్నీ ఉన్నాయి. అక్షరం కూడా తేడా లేదు. అదే జాబితాను తన విండోస్ ల్యాప్‌టాప్‌లో అదే ప్రోగ్రాముకు ఇచ్చింది. ఎవరికి మెసేజ్ వెళ్లాలో వాళ్ల పేర్లే వచ్చాయి. తప్పు లేదు!

సర్వరు పాడైందేమోనని అక్కడే నాలుగు పేర్లు టైపు చేసి చిన్న జాబితా తయారుచేసింది. అదీ సరిగ్గానే వచ్చింది. కానీ స్కూలు జాబితాను సర్వరు మీద పెట్టి నడిపితే మాత్రం మళ్లీ అదే కథ. ఒక్కరూ ఫీజు కట్టలేదంటోంది. అంటే జాబితా మంచిదే, సర్వరు మంచిదే. ఇద్దరూ కలిస్తేనే తగాదా. కొత్తగా పెళ్లయిన ఇంట్లో అత్తా కోడళ్లలాగా!

మధ్యాహ్నానికి ఒక ఆధారం దొరికింది. అందరికీ తప్పుగా చూపిస్తున్న ప్రోగ్రాము ఒకే ఒక్క విద్యార్థి విషయంలో నిజం చెబుతోంది. ఆ పేరు జాబితాలో అన్నిటికంటే చివర ఉంది. గుమాస్తాను అడిగితే, "జాబితా తయారయ్యాక ఆ అబ్బాయి వాళ్ల నాన్న వచ్చి కట్టాడమ్మా. నోట్‌ప్యాడ్‌లో అడుగున నేనే చేర్చాను" అన్నాడు. చేర్చాక ఎంటర్ కొట్టలేదు. సేవ్ చేసేశాడు. ఎంటర్ కొట్టిన లైన్లన్నీ తప్పు, కొట్టని లైను ఒప్పు. ఎందుకలా?

ప్రతి లైను చివర ఉన్న మాట పొడవెంతో చెప్పమని ప్రోగ్రామును అడిగింది. ఇంగ్లిషులో 'పెయిడ్'కు నాలుగు అక్షరాలు. ప్రోగ్రాము ఐదంటోంది! కనిపించని ఆ ఐదోది ఏమిటో చూద్దామని మాటకు ముందొక చదరపు బ్రాకెట్టు, వెనకొకటి పెట్టి తెరమీద వేయించింది. మామూలుగా అయితే [పెయిడ్] అని రావాలి. వచ్చిందేమో ఇలా...

]పెయిడ్

వెనక ఉండాల్సిన బ్రాకెట్టు ముందుకొచ్చి కూర్చుంది. ముందున్నది మాయమైంది. ఆమె తల పట్టుకుంది.

నాన్న చెప్పిన జవాబు

వెనక కుర్చీలో పేపరు చదువుకుంటున్న నాన్న కళ్లద్దాలు సవరించుకుని తెరవైపు వంగాడు. ఆయనకు కంప్యూటరంటే పెద్దగా తెలియదు. తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. 'ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్' అంటూ వేళ్లు పెట్టించి, లోయరు, హయ్యరు పరీక్షలకు ఎంతోమందిని తయారుచేశాడు. వీధుల్లోకి కంప్యూటర్ సెంటర్లు వచ్చాక మిషన్లన్నీ పాత సామానువాళ్లకు అమ్మేసి ఒక్క రెమింగ్టన్ మాత్రం దాచుకున్నాడు. ఇప్పుడది అటక మీద ఉంది.

"ఇదేంటమ్మా, క్యారేజ్ వెనక్కొచ్చింది, రోలరు తిరగలేదు" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"అవును మరి. లైను మొదటికొచ్చింది గానీ కింది లైనులోకి దిగలేదు. అందుకే మొదటి అక్షరం మీద ఇంకోటి పడింది. కాగితం మీదైతే రెండూ ఒకదానిమీద ఒకటి కనిపించేవి. మీ తెరమీద పాతది చెరిగిపోయినట్టుంది."

ఆ అమ్మాయి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత లేచి స్టూలు వేసుకుని అటక మీదున్న రెమింగ్టన్‌ను దింపింది.

దుమ్ము దులిపి కాగితం ఎక్కించాక ఆయన చూపించాడు. టైపు కొడుతుంటే కాగితాన్ని పట్టుకున్న పై భాగం అక్షరం అక్షరానికీ ఎడమకు జరుగుతుంది. అదే క్యారేజ్. లైను చివరకొస్తే 'టింగ్'మని గంట. అప్పుడు ఎడమవైపున్న కడ్డీని లాగాలి. ఆ ఒక్క లాగుడుతో రెండు పనులవుతాయి. రోలరు ఒక లైను తిరుగుతుంది, క్యారేజ్ మొదటికి వస్తుంది. "రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి అందరూ ఒకటే పని అనుకుంటారు. కానీ అండర్‌లైను గీయాలంటే ఎలా? రోలరు తిప్పకుండా క్యారేజ్‌ను మాత్రం చేత్తో వెనక్కి తోస్తాం. అదే లైను కింద గీత కొడతాం. మీ మిషను చేసిందీ అదే" అన్నాడు.

ఐదో అక్షరం దొరికింది. దాని పేరు 'క్యారేజ్ రిటర్న్'. పేరులోనే టైపు మిషను ఉంది. అయినా అన్నాళ్లూ ఆ పేరును చదివిందే గానీ దాని అర్థమేమిటో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక ఎంటర్... మూడు సంప్రదాయాలు

టైపు మిషను దగ్గర మొదలైన ఆ రెండు పనులు కంప్యూటర్‌లోకి ఎలా వచ్చాయన్నది ఆసక్తికరమైన కథ. టెలిగ్రాఫ్ తీగల మీద అక్షరాలు పంపే యంత్రాలు కూడా ఉండేవి. అవతల ఎక్కడో ఉన్న యంత్రానికి 'క్యారేజ్ వెనక్కి జరుపు', 'కాగితం పైకి జరుపు' అని చెప్పేందుకు అక్కడ మనిషి ఉండడు కదా. అందుకే న్యూజిలాండ్‌కు చెందిన డోనాల్డ్ మరే 1901లో తయారుచేసిన టెలిగ్రాఫ్ కోడులో ఆ రెండు పనులకూ రెండు వేర్వేరు సంకేతాలు పెట్టాడు. ఒకటి క్యారేజ్ రిటర్న్, రెండోది లైన్ ఫీడ్.

1963లో అమెరికాలో అక్షరాలకు అంకెలు కేటాయిస్తూ 'ఆస్కీ' ప్రమాణం వచ్చింది. అందులో లైన్ ఫీడ్‌కు 10, క్యారేజ్ రిటర్న్‌కు 13 వచ్చాయి. గంట మోగించే సంకేతానికీ చోటిచ్చారు. దాని అంకె 7! ఆ రోజుల్లో కంప్యూటర్‌తో మాట్లాడాలంటే టెలిటైప్ అనే యంత్రమే దిక్కు. బాగా పేరున్న మోడల్ 33 టెలిటైప్ సెకనుకు పది అక్షరాలు కొట్టేది. కాగితం కుడి అంచు నుంచి ఎడమ అంచుకు రావడానికి దానికి ఒక అక్షరం కొట్టే సమయం చాలేది కాదు. అందుకే ముందు 'వెనక్కి రా' అని చెప్పి, అది వస్తుండగానే 'కాగితం జరుపు' అని చెప్పేవారు. ఈలోపు క్యారేజ్ ఇంటికి చేరేది. 13, ఆ వెంటనే 10. ఆ జంట అలా కుదిరింది.

తర్వాతే దారులు చీలాయి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్, తనకంటే ముందున్న మల్టిక్స్ బాటలో నడిచి 'లైను అయిపోయిందని చెప్పడానికి ఒక గుర్తు చాలు' అనుకుంది. 10 ఒక్కటే ఉంచుకుంది. 1991లో మొదలైన లినక్స్‌ది కూడా అదే పద్ధతి. 1974లో వచ్చిన సీపీ/ఎమ్ మాత్రం టెలిటైప్ పద్ధతిలో జంటనే ఉంచింది. 1981లో వచ్చిన ఎమ్మెస్ డాస్, దాని తర్వాత విండోస్ ఆ దారినే పట్టాయి. 1984లో వచ్చిన యాపిల్ మెకింటాష్ మూడో దారి. అది 13 ఒక్కటే వాడింది. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాక యాపిల్ కూడా యూనిక్స్ బాట పట్టింది.

ఇందులో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఎవరి ఇంట్లో వాళ్ల పద్ధతి సవ్యమే. ఒక ఇంటి కాగితం ఇంకో ఇంటికి వెళ్లినప్పుడే చిక్కంతా.

మంచి చేయబోతే...

ఇక ఆమె ల్యాప్‌టాప్‌లో తప్పు ఎందుకు దొరకలేదు? సి భాష చేసిన మంచితనం వల్ల! విండోస్‌లో ఒక ఫైలును మామూలు పాఠంలా తెరిస్తే, 13-10 జంటను గుట్టుచప్పుడు కాకుండా ఒక్క 10గా మార్చి ప్రోగ్రాముకు అందిస్తుంది. ప్రోగ్రాము రాసినవాళ్లకు ఆ జంట ఉందన్న సంగతే తెలియదు. లినక్స్‌లో మార్చాల్సిన పని లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టే ఇస్తుంది. పాత ప్రోగ్రాము 10ని చూసి లైను అక్కడ తెంచింది. 13 మాత్రం 'పెయిడ్' తోకకు అంటుకుని మిగిలిపోయింది. నాలుగక్షరాల మాట, ఐదక్షరాల మాట ఒకటెలా అవుతాయి? కంప్యూటర్‌కు దాదాపుగా, ఇంచుమించుగా అన్నవి తెలియవు. కాదంటే కాదు. ఆఖరి విద్యార్థి లైనులో ఎంటరే లేదు కాబట్టి తోక కూడా లేదు. అందుకే అతనొక్కడే బయటపడ్డాడు.

ఫైళ్లలోనే కాదు, ప్రోగ్రాము లోపల రాసుకునే పొడుగాటి పాఠాల్లోనూ ఇదే తంటా. ఒక ఉత్తరం నమూనాను నాలుగైదు లైన్లుగా ప్రోగ్రాములోనే రాశామనుకోండి. జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ లాంటి భాషలు అందులోని లైను చివరలను ఒకే గుర్తుగా మార్చుకుంటాయి. సి షార్ప్ మాత్రం రాసిన ఫైలులో ఏది ఉంటే అదే ఉంచుతుంది. పదిమంది కలిసి పనిచేసే చోట ఒకరి కంప్యూటరు ఫైలును జంటతో సేవ్ చేస్తుంది, ఇంకొకరిది ఒంటిగా సేవ్ చేస్తుంది. ఒకరి దగ్గర పాసైన పరీక్ష ఇంకొకరి దగ్గర ఫెయిలవుతుంది. 'నా దగ్గర పనిచేస్తోందే' అన్న మాటకు సగం అర్థం ఇక్కడే ఉంది.

ఫొటోలోనూ కాపలాదారు

ఇది చిన్న కంపెనీల్లో కొత్త ఉద్యోగులకే ఎదురయ్యే సమస్య అనుకుంటే పొరపాటే. విండోస్‌లోని నోట్‌ప్యాడ్ లినక్స్ ఫైళ్లను సరిగ్గా చూపించడం మొదలుపెట్టింది 2018లో. అంతకుముందు వాటిని తెరిస్తే లైన్లన్నీ కలిసిపోయి ఒకే పొడుగాటి దారంలా కనిపించేవి.

మనం రోజూ చూసే పీఎన్‌జీ బొమ్మల కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైలు పంపేటప్పుడు మధ్యలోని సాఫ్ట్‌వేర్లు 'సాయం చేద్దామని' లైను గుర్తులు మార్చేస్తుంటాయి. పాఠమైతే ఫర్వాలేదు, బొమ్మయితే పాడైపోతుంది. అందుకే 1996లో పీఎన్‌జీని రూపొందించినవాళ్లు ప్రతి బొమ్మ మొదట్లో ఎనిమిది అంకెలు ఉండాలన్నారు. 137, 80, 78, 71, 13, 10, 26, 10. మధ్యలో 13, 10 జంట, చివర్లో ఒంటరి 10 కావాలనే పెట్టారు. దారిలో ఎవరైనా చెయ్యి పెడితే ఈ అంకెలు మారిపోతాయి, దొంగతనం అక్కడే దొరికిపోతుంది. గుమ్మం ముందు కాపలాదారన్నమాట!

ఈమెయిల్‌లో అయితే భద్రతకే ముప్పు వచ్చింది. ఉత్తరం ఎక్కడ అయిపోయిందో చెప్పడానికి మెయిల్ సర్వర్ల మధ్య ఒక నియమం ఉంది. జంట గుర్తు, చుక్క, మళ్లీ జంట గుర్తు. కొన్ని సర్వర్లు జంట లేకపోయినా ఒంటరి గుర్తుతో సరిపెట్టుకునేవి. పంపే సర్వరు ఒక ఉత్తరమనుకున్నది, అందుకునే సర్వరుకు రెండు ఉత్తరాలుగా కనిపించేలా చేయొచ్చని 2023 డిసెంబరులో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. ఆ రెండోది వేరేవాళ్ల పేరు మీద వచ్చినట్టు నమ్మించొచ్చు. ఆ తర్వాత మెయిల్ సాఫ్ట్‌వేర్లు వరసగా సరిదిద్దుకున్నాయి. లైను ఎక్కడ ఆగుతుందన్న విషయంలో రెండు యంత్రాలకు మాట కుదరకపోతే ఆ సందులో దొంగ దూరగలడు!

గుమ్మం దగ్గరే చెప్పులు

ఇంతకీ మందేమిటి? తెలిసిన తర్వాత చాలా తేలిక. ముందు కనిపించనిదాన్ని కనిపించేలా చేయాలి. లినక్స్‌లో గుర్తులన్నీ చూపించే ఆదేశాలున్నాయి. అక్కడ క్యారేజ్ రిటర్న్ టోపీ గుర్తు పక్కన 'ఎమ్' అక్షరంలా కనిపిస్తుంది. ఇంగ్లిషు అక్షరమాలలో ఎమ్ పదమూడోది కదా, అందుకన్నమాట. లేదంటే ఆమె చేసినట్టు మాట పొడవు చూసినా, బ్రాకెట్లు పెట్టినా దొరికిపోతుంది.

రెండోది, బయటినుంచి ఏది వచ్చినా గుమ్మం దగ్గరే శుభ్రం చేసి లోపలికి రానివ్వాలి. చెప్పులు బయట విడిచి ఇంట్లోకి వచ్చినట్టు! లోపలంతా ఒకే గుర్తు వాడాలి. బయటికి పంపేటప్పుడు మాత్రం అవతలివాళ్ల పద్ధతి ఏదో కనుక్కుని దాని ప్రకారం ఇవ్వాలి. మూడోది, నలుగురు కలిసి పనిచేసేచోట ఏ ఫైలుకు ఏ పద్ధతో ముందే రాసిపెట్టుకోవాలి. ప్రోగ్రాములు దాచుకునే గిట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో దీనికోసమే ఒక చిన్న ఫైలు పెట్టుకునే వీలుంది. నాలుగోది, పరీక్షించేటప్పుడు మూడు రకాల జాబితాలూ ఇవ్వాలి. చివర్లో ఎంటర్ ఉన్నదీ, లేనిదీ కూడా.

ఆ శనివారం సాయంత్రం ఆమె పాత ప్రోగ్రాములో కొత్తగా రాసింది రెండే రెండు లైన్లు. లైను చివర 13 ఉన్నా, 10 ఉన్నా తీసేసి, ఆ తర్వాతే మాటను పోల్చమని. స్కూలు జాబితా పెట్టి సర్వరు మీద నడిపింది. ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో సరిగ్గా వచ్చింది. నాలుగక్షరాల మాట నాలుగక్షరాలే అయింది.

రాత్రి ఎనిమిదింటికి తల్లిదండ్రులందరికీ ఇంకో మెసేజ్ వెళ్లింది. 'పొరపాటున తప్పు సమాచారం పంపాం, మన్నించండి' అని. మేనేజరు ఆ మాటలు రాయమంటే, 'తప్పు మా కంప్యూటర్‌దే, మీ రసీదు సరైనదే' అన్న వాక్యం తనే అడిగి చేర్చింది. ఆటో నడిపే ఆ తండ్రికి మాత్రం మెసేజ్‌తో సరిపెట్టకుండా ఫోను చేయమని గుమాస్తాను కోరింది. ఆయన చేశాడు. సోమవారం పిల్లవాడు హాల్‌టికెట్టుతో లోపలికి వెళ్లాడు. తండ్రి మాత్రం రసీదు ఇంకా జేబులోంచి తీయలేదట. ఒకసారి పోయిన నమ్మకం రెండు లైన్ల ప్రోగ్రాముతో తిరిగి రాదు కదా.

ఆదివారం మధ్యాహ్నం నాన్న రెమింగ్టన్‌కు నూనె వేస్తుంటే కూతురు ఒక తెల్లకాగితం అందించింది. ఒక్క వాక్యం కొట్టివ్వమంది. ఆయన కొట్టాడు. గంట మోగలేదు, వాక్యం అంత పొడుగు లేదు. క్యారేజ్‌ను చేత్తో మొదటికి తోసి, రోలరు తిప్పకుండా, దాని కింద తాపీగా అండర్‌లైను గీశాడు. ఆ కాగితం ఇప్పుడు ఆఫీసులో ఆమె బల్ల ఎదుట గోడకు అంటించి ఉంది. ఇంగ్లిషులో ఉన్న ఆ వాక్యానికి అర్థం ఇదీ: లైను ఎక్కడ అయిపోయిందో ముందు చూసుకో.